బాలింత కోసం పాలసొర

ఆ పొద్దున బిలాస్‌పూర్ ఆకాశంలో మబ్బు లేదు. నీలం కూడా లేదు. రాత్రంతా బొగ్గు బండ్లు నడిచిన దుమ్ము పైకి లేచి, దిగడానికి గాలి లేక అక్కడే నిలబడిపోయినట్టు తెల్లగా, మురికిగా ఉంది. పొద్దు పొడిచిందో లేదో గోడల నీడలు చూసి తెలుసుకోవాలి. అమ్మన్న అలవాటు కొద్దీ తలెత్తి గాలి ఎటుందో చూశాడు. వీధి చివర టీ కొట్టువాడు రాజేసిన బొగ్గుపొయ్యి పొగ నిటారుగా పోయి ఆగింది. ఊళ్ళో అయితే ఇలాంటి ఆకాశాన్ని చూసి తెరచాప చుట్టి పక్కన పెట్టేవాడు. ఇక్కడ కాళ్ళ దగ్గర ఉన్నది థర్మకోల్ పెట్టె ఒక్కటే.

నిన్న రాత్రి పొద్దుపోయాక ఆ పెట్టె నెత్తిన పెట్టుకునే అతను స్టేషన్లో దిగి తార్‌బహార్‌లోని తోడబుట్టిన అప్ప సౌభాగ్య రైల్వే క్వార్టర్‌కి నడిచి వచ్చాడు. పెట్టెలో ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు. మూడు పాలసొరలు, ఐసులో. అవి ఎలా వచ్చాయో మాత్రం అమ్మన్నకు తెలుసు, ఊళ్ళో సూర్యానికి తెలుసు. మూడో మనిషికి తెలియదు.

మూడేళ్ళ కిందట శ్రీకాకుళం వైపు గెడ్డపేట రేవులో ఆ కట్టుబాటు తెచ్చింది అమ్మన్నే. పెద్ద బోట్లు నడిసముద్రాన్ని ఊడ్చుకుపోయాక ఊరి తెప్పలకు మిగిలింది వాగులాంటి గెడ్డ సముద్రంలో కలిసే చోట ఉన్న ఇసుక తిప్ప, దాని చుట్టూ ఉన్న లోతు తక్కువ నీళ్ళు. వేసవిలో పాలసొరలు పిల్లల్ని వదలడానికి అక్కడికే వస్తాయి. వచ్చినవాటిని వచ్చినట్టే పడుతూ పోతే, ఒక ఏడు ఎన్ని వలలు వేసినా ఒక్కటీ తగలలేదు. అప్పుడు అమ్మన్న ఊరిని నడుంలోతు నీళ్ళలో నిలబెట్టి, ఇంటికొకరి చేత దోసిట్లో ఉప్పునీళ్ళు పట్టించి ఒట్టు వేయించాడు. ఉగాది వెళ్ళింది మొదలు తొలకరి పడేదాకా తిప్ప దగ్గర వల పడకూడదు. పడితే ఆ వలను రేవులోనే కాలుస్తారు. ఆ ఇంటికి ఏడాది పాటు ఏ తెప్పలోనూ వాటా ఉండదు. శిక్ష అంత గట్టిగా ఉండాలన్నది అతని మాటే. మొదటి గుక్క ఉప్పునీళ్ళు మింగిందీ అతనే.

ఈ ఏడు తిప్ప దగ్గర మళ్ళీ సొర రెక్కలు కనిపించాయి. ముసలివాళ్ళు కూడా ఒడ్డుకొచ్చి చూశారు.

అంతలో అప్ప ఫోను. మేనకోడలు భానుప్రియకు పురుడై మూడో రోజు. పాలు పడలేదు, ఒక్క పాలసొర పంపమని. వాళ్ళ ఇళ్ళలో బాలింత పాలసొర పుట్టు, ఉడికించి చిదిపి వేయించిన పొడికూర, తింటేనే పాలు పడతాయని నమ్మకం. చిన్న సొర అయితే మరీ మంచిదంటారు. అమ్మన్న ఇప్పుడు కుదరదన్నాడు. నాలుగు రోజుల కిందట మళ్ళీ ఫోను. ఈసారి అప్ప ఏడ్చింది. మర్నాడు వెలుగు రాకముందే అతను ఒక్కడే తెప్పను నీళ్ళలోకి తోస్తుంటే అవతలి కొస ఎవరో పట్టుకున్నారు. సూర్యం. చిన్నప్పుడే తండ్రి పోయిన వాడికి వల అల్లడం దగ్గర్నుంచి అన్నీ నేర్పింది అమ్మన్నే. ఇప్పుడు వాడికీ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. "భానమ్మకి పాలు పడలేదట" అన్నాడు అమ్మన్న. సూర్యం ఇంకేమీ అడగలేదు. తెప్ప తోసి, చేతులు లుంగీకి తుడుచుకుని, వెనక్కి తిరిగి నడిచిపోయాడు.

అదీ ఆ పెట్టె వెనక సంగతి. ఇంట్లోవాళ్ళు లేవకముందే చేపల్ని కోసి శుభ్రం చేసేద్దామని అమ్మన్న పెరట్లోకి వచ్చాడు. కత్తిపీట తెచ్చుకున్నాడు. బూడిద తెచ్చుకున్నాడు. జామచెట్టు కింద చిన్న గొయ్యి తీయడానికి గునపం ఎక్కడుందో కూడా చూసుకున్నాడు. కుళాయి తిప్పితే గాలి వచ్చింది.

"ఏట్రా, రాత్రంతా చేపలకి కాపలా కాసావేటి?"

సౌభాగ్య జుట్టు ముడేసుకుంటూ గడపలో నిలబడింది.

"నీళ్ళు రాలేదప్పా."

"పొద్దెక్కితే గానీ రావు. ఇది రైల్వే. నీ సముద్రం కాదు, ఎప్పుడు పడితే అప్పుడు ఉండటానికి."

"బకెట్లో నీళ్ళిచ్చినా చాలు. నేను కోసి ఇచ్చీస్తాను. నువ్వు లోపల పని చూసుకో."

"పెళ్ళయిన కొత్తలో మీ బావా ఇలాగే అన్నాడు. చందువ చేపని కోసి కోసి అమావాస్య చందమామని చేసి ఇచ్చాడు. నువ్వు కూకో. నా పుట్టింటి చేప నేనే కోస్తాను."

అమ్మన్న కూర్చున్నాడు. గునపం వైపు చూడకుండా ఉండటానికి కుళాయి వైపు చూస్తూ కూర్చున్నాడు.

బావ బంగార్రాజు నైట్ డ్యూటీ దిగి సైకిలు గోడకు ఆనించాడు. రైలింజన్ల షెడ్డులో టెక్నీషియన్. ముందు పెట్టెను చూసి, తర్వాత మనిషిని చూశాడు.

"వచ్చీసారా సముద్రానికి జీఎం గారు! మా జోన్ జీఎం వస్తే షెడ్డంతా సున్నం కొడతారు. మీరొస్తే మీ అప్ప ఇల్లంతా వెల్లుల్లి వొలిచీసింది."

"బాగున్నావా బావా?"

"నాకేటి. తాతనైపోయాను. నువ్వేటి అలా ఉన్నావు? ఎదురుగాలిలో వచ్చినోడిలాగ."

అమ్మన్న నవ్వబోయాడు. రాలేదు.

పొద్దెక్కేసరికి ఆటో ఆగిన చప్పుడయింది. రాజ్‌కిశోర్ నగర్ నుంచి భానుప్రియ అత్తగారు అచ్చియమ్మ దిగింది. కొడుకు దిలీప్‌ది బొగ్గు కంపెనీలో ఉద్యోగం. ఈ వారమంతా గని దగ్గరే ఉంటాడు. వియ్యపురాలిని భోజనానికి పిలిచింది సౌభాగ్యే. ఆవిడ ఎదుటే చేప కొయ్యాలని, ఆవిడ ఎదుటే వండాలని ఆమె పట్టుదల.

"అరే వాహ్, నిజంగానే దిగిపోయిందే వదినా సముద్రం!" అచ్చియమ్మ ఐసు ముక్కలు పక్కకు తోసి చూసింది. "మా వైపు మార్కెట్లో అన్నీ చెరువు చేపలే. పాలసొరని చూసి ఎన్నాళ్ళయిందో."

"మరేటనుకున్నావు? నా తమ్ముడు మోసుకొచ్చాడు. దారిలో మూడుసార్లు ఐసు మార్పించాడట."

కుళాయి దగ్గింది, తుప్పు నీళ్ళు కక్కింది, ఆ తర్వాత ధారగా వచ్చింది. సౌభాగ్య చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కత్తిపీట ముందు కూర్చుంది. అమ్మన్న లేచి నిలబడ్డాడు. ఏదో ఒకటి మాట్లాడకపోతే బాగుండదని అచ్చియమ్మతో అన్నాడు.

"పిల్లకి పాలు చాలటం లేదంటే అప్ప బెంగపడిపోయిందమ్మా. మీరూ ఇబ్బంది పడ్డారు."

"చాలకపోవడమేటి బాబూ?" అచ్చియమ్మ అతని వైపు తిరిగింది. "పడి రెండు వారాలు దాటిపోనాది. గుంటడు తాగలేక కక్కీస్తన్నాడు. మూడోరోజునే పాలు పడతాయేటి, ఓపిక పట్టండి అని నేనే అన్నాను. వదిన వినలేదు. పాలు పడినా పడకపోయినా పుట్టింటి సొర రావలసిందే అంది."

సౌభాగ్య చెయ్యి కత్తిపీట మీద ఆగింది. మళ్ళీ కదిలింది. తల ఎత్తలేదు.

రెండు వారాలు. నాలుగు రోజుల కిందట అప్ప ఏడ్చిన ఏడుపు అమ్మన్నకు చెవుల్లో వినిపించింది. నిజమైన ఏడుపే అది. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

"అప్పా, అది కొయ్యకు" అన్నాడు.

అప్పటికే ఆమె చేప పొట్టను కత్తికి ఆనించి ఒక్క లాగు లాగింది.

పళ్ళెంలోకి జారినవి పేగులు కావు. పిల్లలు. జానెడు పొడవున, ఒకదాని మీద ఒకటి, అయిదు. తల, రెక్క, తోక అన్నీ తల్లివే. కొలత ఒక్కటే వేరు. ఒక్కోదానికి గుండె కింద నుంచి దారంలాంటి తాడు తల్లి కడుపులోకి ఉంది. ఒకటి తెగింది. మిగతావి తెగలేదు.

బంగార్రాజు నోట్లో పళ్ళపుల్ల అలాగే ఉండిపోయింది.

"అమ్మా, ఏటది?"

వెనక వరండాలో భానుప్రియ నిలబడి ఉంది. తలకు గుడ్డ కట్టుకుని, భుజాన పిల్లాడిని వేసుకుని. పిల్లాడి మొలతాడుకు చిన్న తాయెత్తు ఉంది. రాలిన బొడ్డును అమ్మమ్మ అందులో పెట్టి కుట్టింది.

"నువ్వెందుకొచ్చావు బయటికి? పచ్చి బాలింతవి. లోపలికి పో" అంది అచ్చియమ్మ.

భానుప్రియ పోలేదు. మెట్టు దిగి వచ్చింది. పళ్ళెంలోకి చూసింది. పిల్లాడి తల మీద చెయ్యి వేసి అటు తిప్పింది, వాడికేదో కనిపిస్తుందన్నట్టు.

"చేపంటే గుడ్లు పెడుతుంది కదా మావయ్యా. దీనికి బొడ్డుతాడు ఉందేటి?"

"ఇది గుడ్లు పెట్టదమ్మా. మోస్తుంది."

"ఎన్నాళ్ళు?"

"ఇంచుమించు ఏడాది."

భానుప్రియ పిల్లాడిని ఎత్తుకున్న చెయ్యి మార్చుకుంది.

"ఏడాది మోసి, అయిదేనా?"

"నాలుగో, అయిదో. కవళ్ళూ కానాగడతల్లాంటి చేపలు లక్షల గుడ్లు పెడతాయి. కొన్ని పోయినా కొన్ని మిగుల్తాయి. ఇది అలాక్కాదు."

"మిగతా రెండిటిలో కూడా ఉన్నాయా?"

"ఉంటాయి."

"కొయ్యకుండా ఎలా తెలుసు?"

"ఎత్తితే తెలుస్తుంది. బరువు వేరేలాగుంటుంది."

"మతలబ్, అంటే వలలోంచి తీసినప్పుడే మీకు తెలుసు."

అమ్మన్న తలూపాడు.

"మరి వదిలీవలసింది కదా మావయ్యా."

వలలో పడ్డ సొర ఎంతోసేపు బతకదు. ముందుకు ఈదితేనే దానికి ఊపిరి. ఆ మాట చెబితే సరిపోతుంది, ఈ పిల్లకి తెలియదు, నమ్ముతుంది. అమ్మన్న ఆ మాటను నాలిక చివరిదాకా తెచ్చుకున్నాడు. భానుప్రియ అతని ముఖంలోకే చూస్తోంది.

"రెండు చచ్చిపోయే ఉన్నాయి" అన్నాడు. "ఒకటి కొట్టుకుంటూనే ఉంది. వదిలితే ఈదుకుపోయి బతికేదే."

"ఏది?"

అతను కత్తిపీట కేసి చూశాడు. సౌభాగ్య చేతిలో ఉన్నదాన్ని ఎవరో లాక్కున్నట్టు కిందపెట్టేసింది.

"ఏటిరా ఇది! చేపేరా! మనం పుట్టిందగ్గర్నుంచి తినట్లేదేటి? మన అమ్మ తినలేదేటి, నేను తినలేదేటి? ఇదంతా ఏదో ఖూనీ అయినట్టు!" ఆమె చీర కొంగుతో ముఖం తుడుచుకోబోయి, చేతి నిండా నెత్తురు చూసుకుని ఆగిపోయింది.

"పాలు పడ్డాక కూడా ఫోన్ చేసావు కదప్పా."

"చేసాను."

"ఏడ్చావు."

"ఏడ్చాను. ఏం చెయ్యమంటావు? ఈ క్వార్టర్ల లైన్లో ముప్పై ఏళ్ళ బట్టీ ఉంటన్నాను. ఎవరింట్లో పురుడైనా నా దగ్గరికే వచ్చేవారు, సౌభాగ్యమ్మా, మీ తమ్ముడికి చెప్పి పాలసొర తెప్పించవా అని. నాకు చదువా, ఉద్యోగమా? సముద్రం ఆడపడుచునన్న పేరొక్కటే నాకు. సొంత కూతురి పురిటికి రాకపోతే వీళ్ళందరి మొహం ఎలా చూడను? అందరికీ చెప్పీసాను, వస్తందని. చెప్పీసాక పాలు పడ్డాయి."

బంగార్రాజు పళ్ళపుల్ల తీసి గోడ అవతల పారేశాడు. ఇంతసేపూ అతను జోకు వేయలేదు.

"దాన్నేటి అనకు అమ్మన్నా" అన్నాడు చివరికి. "ఫోన్ చేసేవాణ్ణి నేను. గుర్తుందా? రమణయ్య కోడలికి, సిగ్నల్ వాళ్ళింట్లో అమ్మాయికి, ఆ మేస్త్రీ కూతుళ్ళకి. 'పెద్దది వద్దు బామ్మర్దీ, పిల్లసొర పంపు, మెత్తగా ఉంటాది' అని నేనే చెప్పేవాణ్ణి. తర్వాత్తర్వాత నువ్వు దొరకట్లేదంటే, బద్ధకమొచ్చిందిరా నీకు అని తిట్టాను. ఇంకెలా దొరుకుతాయి? పిల్లల్ని ఇక్కడ తినీసి పెద్దవేవీ అని అడిగాం."

"ఒక్క మీ లైనేనా బావా" అన్నాడు అమ్మన్న. "రైలెళ్ళిన ఊళ్ళన్నిటికీ పంపాం. పంపింది నేను."

"ఇప్పుడు పట్టొచ్చా అసలు?" భానుప్రియ అడిగింది. "వేసవిలో వేట బంద్ అంటారు కదా, టీవీలో చెప్తారు."

"గవర్నమెంటు ఆపింది ఇంజను బోట్లని. తెప్పల్ని కాదు."

ఆ మాట నిజమే. దాని వెనక కాసేపు నిలబడొచ్చని అమ్మన్న అనుకున్నాడు. అంతలో జేబులో ఫోను మోగింది.

ఉప్పుగాలికి ఆ ఫోను చెవి దగ్గర వినిపించడం మానేసి చాన్నాళ్ళయింది. స్పీకర్లోనే వినాలి. అతను తులసికోట అవతలికి నాలుగడుగులు వేశాడు గానీ, ఆ పెరట్లో ఎంత దూరం పోగలడు? అవతల వేణుగోపాల్. ఊరి సంఘం పనులు చూసేవాడు. వాడిది మామూలుగా మాట్లాడినా రేవు దాటే గొంతు.

"అన్నా! తిప్ప దగ్గర ఎవడో వలేసాడన్నా. చిరిగిన వల పీలిక ఒకటి ఇసకలో కూరుకుని దొరికింది. ముడి చూస్తే నీ ముడే."

అమ్మన్న తులసికోట అంచు పట్టుకున్నాడు.

"నీ ముడంటే నువ్వు కాదులే అన్నా" వేణుగోపాల్ నవ్వాడు. "ఆ రెండు మెలికల ముడి ఊళ్ళో నువ్వు నేర్పింది ఒక్క సూర్యానికే కదా. పిలిచి పదిమందిలో నిలబెట్టాం. కాదంటాడనుకున్నాం. ఒప్పీసుకున్నాడు."

"ఏటీ?"

"నేనే వేసానన్నాడు. ఎందుకేసావురా అంటే నోరు విప్పడు. ఆ పెళ్ళాం ఏడుపు సూడలేకపోతన్నాం. కానీ కట్టుబాటు కట్టుబాటే కదా. రేపు సాయంత్రం రేవులో వల కాల్చాలి. నువ్వొచ్చి అగ్గి పెట్టాలి. ఒట్టు నువ్వేయించావు, నీ చేత్తోనే జరగాలని అందరి మాటా."

"వేణూ..."

"సెప్పన్నా."

పెరట్లో నలుగురూ అతన్నే చూస్తున్నారు. సౌభాగ్య చేతుల నెత్తురు ఎండిపోయి నల్లబడుతోంది. అమ్మన్న నోరు తెరిచాడు. వేసింది నేను. రెండే మాటలు. పెదాలు వాటి ఆకారానికి కూడా వచ్చాయి.

"నేనొచ్చేదాకా వాడి వల ముట్టుకోకండి" అన్నాడు.

"అలాగే అన్నా. ఆఁ, ఇంకోటి మర్చిపోనాను. సూర్యం నిన్నొక మాట అడగమన్నాడు. భానమ్మకి పాలు పడ్డాయా అని. ఈ గొడవలో ఇదేటో మాకెవరికీ బోధపడలేదు. ఏటి సెప్పమంటావు?"

అమ్మన్న చేతిలో ఫోను అలాగే ఉంది. భానుప్రియ పిల్లాడిని అత్తగారి చేతికిచ్చి, వచ్చి, ఫోను మీదికి వంగింది.

"పడ్డాయని చెప్పండన్నా. మా మావయ్య సముద్రంలోకి వెళ్ళకముందే పడ్డాయని చెప్పండి."

"సరే, మంచిదమ్మా, సల్లగుండు" అన్నాడు వేణుగోపాల్, ఏమీ అర్థం కాకుండానే. ఫోను ఆగిపోయింది.

"ఎవరు మావయ్యా సూర్యం?"

"ఆరోజు తెప్ప తోసినవాడు."

"కట్టుబాటేటి?"

అమ్మన్న చెప్పాడు. నిలబడే, నేల చూస్తూ, ఒట్టు సంగతి, వల కాల్చే సంగతి, ఏడాది వాటా సంగతి, దాన్ని పెట్టింది ఎవరన్న సంగతి. చెప్పడం పూర్తయ్యేసరికి బంగార్రాజు అరుగు మీద కూర్చుండిపోయాడు.

"ఇప్పుడు ఫోన్లోనే ఎందుకు చెప్పలేదు?"

"నోరు తెరిచాను. రాలేదు."

"చెప్పకురా" అంది సౌభాగ్య. "చెప్తే నీ ఇంటికి ఏడాది గింజ ఉండదు. అమ్మని ఏటి పెట్టి సాకుతావు?"

"దాని కోసం కాదప్పా." అమ్మన్న పళ్ళెం వైపు చూశాడు, చూడలేక చూపు తిప్పుకున్నాడు. "వేసింది నేనని తెలిస్తే ఆ ఒట్టు ఇంకెవడు నమ్ముతాడు? పెద్దోడే తప్పాడు, మనకేటి అంటారు. ఎల్లుండికల్లా తిప్ప చుట్టూ ఊరి వలలన్నీ ఉంటాయి. ఇప్పుడిప్పుడే మళ్ళీ వస్తన్నాయి అవి. ఒక్క వేసవిలో ఊడ్చీస్తారు."

మాట బాగానే ఉంది. చెప్పాక అతనికి కూడా కొంచెం ఊరట కలిగింది. భానుప్రియ అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"సచ్, నిజం చెప్పండి మావయ్యా. ఆ భయం చేపల కోసమా, మీకోసమా?"

నలభై ఏళ్ళు నీళ్ళ రంగు చూసి కింద ఏముందో చెప్పినవాడికి తన లోపల ఏముందో కనిపించలేదు.

బంగార్రాజు లేచాడు. గునపం ఎక్కడుందని ఎవరినీ అడగలేదు. జామచెట్టు కింద గొయ్యి తీశాడు. మిగతా రెండు చేపలనూ అమ్మన్నే కోశాడు, ఎవరికీ కనపడకుండా అటు తిరిగి కూర్చుని. పిల్లలన్నిటినీ గోతిలో పెట్టి మన్ను కప్పాక, కుక్కలు తవ్వకుండా బంగార్రాజు పైన బట్టలుతికే రాయి దొర్లించాడు.

"మాంసం పారీడానికి లేదు" అంది అచ్చియమ్మ మెల్లగా. "పారేస్తే అది మరీ పాపం." కూతురి పురిటి వంటని తానే వండాలని నెల రోజులుగా అనుకున్న సౌభాగ్య గోడకు ఆనుకుని కూర్చుంది. వియ్యపురాలే వేడినీళ్ళు కాచి సొర తోలు గీకింది, పసుపేసి ఉడకబెట్టింది, చేత్తో పొడిపొడిగా చిదిపింది, గుప్పెళ్ళకొద్దీ వెల్లుల్లి వేసి వేయించింది. ఆ వాసనకు పక్క క్వార్టర్ ఆవిడ గోడ మీంచి తొంగి చూసి, "వచ్చీసిందా సౌభాగ్యమ్మా?" అని సంబరంగా అడిగింది. సౌభాగ్య తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వంటింట్లో నేల మీదే అందరికీ ఆకులు వేశారు. సాయంత్రం బండికి అమ్మన్న సంచి గుమ్మం పక్కన సర్ది ఉంది. కడిగిన థర్మకోల్ పెట్టె దాని మీద బోర్లించి ఉంది. పురిటి పాలసొరను ముందు బాలింతకు వడ్డించాలి. అచ్చియమ్మ గరిటె ఎత్తబోతే భానుప్రియ దాన్ని అందుకుంది. మొదటి గరిటె మావయ్య ఆకులో వేసింది. రెండోది అమ్మ ఆకులో. తర్వాత నాన్నకి, అత్తగారికి. చివరిది తనకు వేసుకుని కూర్చుంది.

అప్పుడు సౌభాగ్య లేచింది. పెట్టెల గదిలోకి వెళ్ళి తన పాత రెగ్జిన్ సంచి తెచ్చింది. రెండు చీరల కొసలు పైకి కనిపిస్తున్నాయి. దాన్ని గుమ్మం దగ్గర తమ్ముడి సంచి పక్కన ఆనించి పెట్టి, వచ్చి, తన ఆకు ముందు కూర్చుంది.

బంగార్రాజు భార్య ముఖంలోకి చూశాడు. భానుప్రియ చూసింది. సౌభాగ్య తమ్ముడి నోరు మూయించడానికి బయల్దేరుతోందో, అతని పక్కన రేవులో నిలబడడానికి బయల్దేరుతోందో ఎవరూ అడగలేదు.

అమ్మన్న ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. కూర బాగుంది. చాలా బాగుంది. దించుకోవడానికి రెండుసార్లు మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. లోపల పిల్లాడు కదిలి ఏడుపు ఎత్తుకోగానే భానుప్రియ రవిక తడిసింది. ఎడంచేత్తో కొంగు కప్పుకుని ఆమె తినడం ఆపలేదు.

మారు వడ్డించమని ఎవరూ అనలేదు. ఆకులో ఎవరూ ఏమీ వదల్లేదు.